ఎడతెగనివి

ఇంగ్లీషు నేర్చుకొను పిల్లలను తికమకపెట్టు మాటలలో కంటిన్యువస్, కంటిన్యువల్ అను జంట యొకటి. వినుటకు తోబుట్టువులు. చిన్న నిఘంటువు తెరచినచో రెంటికిని 'ఎడతెగని' యనియే అర్థము కనబడును. కాని భేదము కలదు. నడుమ సందు లేక సాగునది మొదటిది. ఆగియాగి, మరల మరల వచ్చుచు, పూర్తిగా వదలిపోనిది రెండవది. రాత్రియెల్ల మూయక విడిచిన కుళాయి ధార మొదటిదానికి చెల్లును. ఇరుగింటివారు చక్కెర బదులడుగుట రెండవదానికి చెల్లును.

ఇది పరాయిభాషవారి చాదస్తమని కొట్టివేయరాదు. మా యమ్మమ్మ ఇంగ్లీషక్షర మెరుగని మనిషి. దేవరకొండ ప్రాంతమున శ్రావణమాసములో మూడుదినములు ముసురు పట్టినచో, ఆమె చూరుక్రింద నిలిచి "తెరపియ్యలే బిడ్డా" అనెడిది. జల్లు కురిసి వెలిసి, మరల కురియునాడు ఆ మాట యనెడిది కాదు. తెరపి యనగా వానకును వానకును నడుమ దొరకు ఎడము. ఆ యెడములోనే వడ్ల నెండబోయవలెను, పొయ్యిలోనికి కట్టెలు తెచ్చుకొనవలెను. కనుక ఎడమున్నదా లేదా యనునది ఆమెకు వ్యాకరణము కాదు, బ్రతుకు.

సంస్కృతము ఈ విషయమున మనకు ధారాళముగ అప్పిచ్చినది. అమరకోశము ఇట్టి మాటలను తొమ్మిదింటిని ఒక్కచోట కూర్చినది. అజస్రము, అనవరతము, అవిరతము, అశ్రాంతము వానిలోనివే. పద్యము వ్రాయువారికి గణము కుదురుటకు ఇవి మిక్కిలి యుపకరించును. అయినను అశ్రాంతమన్నప్పుడు అలసట తెలియనిదను భావము లోననున్నది. ఎద్దునకును మనిషికిని అది యొప్పును, గోడగడియారమున కంతగా నొప్పదు. ఇంగ్లీషువారికిని ఇట్టి ఛాయలున్నవి. ఇన్సెసెంట్ అన్నప్పుడు కొంత విసుగు ధ్వనించును. ఇంటర్మినబుల్ అన్నచో పొలిమేర కనబడనిదని యర్థము. దీర్ఘోపన్యాసములకు ఆ మాటను వాడుదురు. రేడియో ప్రసంగమునకు గడియారము కాపలా యుండుటచే శ్రోతలకు ఆ భయము లేదు.

ఈ మాటలకు మన జిల్లాలలో ఒరపిడిరాళ్లు కొన్ని కలవు. నల్లగొండ ప్రక్కన పానగల్లులో ఛాయాసోమేశ్వరాలయము కలదు. కందూరు చోళులనాటి త్రికూటాలయమది. ఒక గర్భగృహమున లింగము వెనుకనున్న గోడమీద స్తంభము వంటి నీడ యొకటి ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకువరకు కదలక నిలిచియుండును. సూర్యుడు నడచుచుండగా నీడ యేల నడువదని చూచినవా రెల్లరు నచ్చెరువందుదురు. అది ఒక్క స్తంభపు నీడ కాదని, ప్రక్కలనుండి చెదరి వచ్చు వెలుతురునకు పలు స్తంభములు అడ్డుపడుటచే ఏర్పడిన నీడయని శాస్త్రజ్ఞులు వివరించిరి. దీనిని నిరంతరమందుమా? పగటివరకు నిరంతరమే. రాత్రి లేదు. మరునాడు మరల వచ్చును గనుక నిత్యమందుము. నిత్యపూజ వలెనే, నిత్యము నడుమ రాత్రి యుండవచ్చును.

జీవనది యను మాటకు ఇంగ్లీషున పెరెన్నియల్ అందురు. ఏడాది పొడుగునను ఉండునదని దాని లాటిను మూలార్థము. మన దుందుభి అట్టిది కాదు. వేసవిలో నది యున్నచోట ఇసుకయే యుండును. కాని ఆ యిసుకలో చెలిమె తవ్వినవారికి అడుగున తేటనీరు ఊరును. పైకి ఆగినది లోన నాగలేదు. దీనికి తగిన ఇంగ్లీషుమాట నాకింతవరకు దొరకలేదు. చెలిమె యను మాట యున్న మనకు దాని యక్కరయు లేదు.

ఇక శాశ్వతము. మహబూబ్‌నగరునకు సమీపముననున్న పిల్లలమర్రి దాదాపు మూడెకరముల మేర ప్రాకియున్నది. ఏడువందలయేండ్ల దని ప్రతీతి. చూచివచ్చినవారు శాశ్వతవృక్షమని చెప్పుకొనెడివారు. 2017లో దాని పెద్దకొమ్మ యొకటి విరిగిపడినది. చెదపురుగు లోపల తినివేయుచుండెను. 2018లో రోగికి సెలైను ఎక్కించునట్లు, కొమ్మలకు సీసాలు వ్రేలాడగట్టి చెదమందు ఎక్కించిరి. ఊడలకు పైపులు, కొమ్మలకు ఆధారములు అమర్చిరి. ఆ తరువాతనే చెట్టు తేరుకొన్నది.

ఈ మాటలను పొరపాటున వాడుటచే కలుగు నష్టము చిన్నది కాదు. కేంద్రప్రభుత్వము 1973లో కరువుప్రాంతముల కొరకు ఒక పథకమును ప్రారంభించినది. మహబూబ్‌నగరు జిల్లా అందులో చేరినది. ఇంగ్లీషు పేరులో ప్రోన్ అను మాట యున్నది. కరువు వచ్చు స్వభావము కలదని మాత్రమే దాని యర్థము. క్రానిక్ అని వ్రాసిన నివేదికలును కలవు. వీనిని తెలుగు చేసినవారు కొందరు 'శాశ్వత కరువుప్రాంతము' అని వ్రాసిరి. విన్నవారు అదియే నమ్మిరి. పిల్లనిచ్చుటకు వెనుదీసిన తండ్రులు కలరు. క్రానిక్ అనునది కాలమను గ్రీకుమాట నుండి వచ్చినది. చాలకాలము పట్టియున్నదనియే గాని ఎన్నటికి పోదని చెప్పుట లేదు. వచ్చిపోవు కరువును శాశ్వతమన్నచో చెరువుకట్టకు మన్నుపోయువా డెవ్వడు?

అట్లని కఠినమైన మాటను మెత్తజేయుటయు తగదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగినవారి విషయము వేరు. పటిక, సున్నము కలిపి ఆ నీటిని శుద్ధిచేయు విధానమునకు నాగపురమునందలి పరిశోధనసంస్థ పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. కృష్ణనీరు కుళాయిలలో వచ్చిన పిమ్మట క్రొత్తగా పుట్టిన పిల్లలకు ఆ ముప్పు తగ్గినది. కాని ఒకమారు వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. నీరు మారినను వారి నొప్పి మారలేదు. అక్కడ శాశ్వతమను మాటనే వాడవలెను. దీర్ఘకాలికమని వ్రాసి తప్పించుకొనరాదు.

పాలమూరు వలసను గూర్చి 'ఎడతెగని వలస' యని పత్రికలు ఏండ్లతరబడి వ్రాసినవి. దసరా దాటగానే గుంపుమేస్త్రీ వెంట బొంబాయికి, పుణెకు, ఎక్కడెక్కడి ఆనకట్టలకో పోవుదురు. వానలకు ముందు తిరిగివత్తురు. ఎడమున్నది కనుకనే ఇంటికప్పు నిలిచినది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలచే కృష్ణనీరు కొన్ని మండలములకు చేరిన పిమ్మట ఆ పోకడ తగ్గినది. నేటి నారాయణపేట జిల్లాలో ఒక నడివయసు రైతును, ఇక వలస యాగినట్లేనా యని అడిగితిని. నారుమడిలోనుండి తలయెత్తక అతడిట్లనెను: "ఈ యేడు పోలే సారూ. నీళ్లున్నయి గదా. వచ్చే యేటి సంగతి కాలువకే ఎరుక."