తోడుంటే కదిలే కాళ్ళు
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1992లో నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ళ గురించి ఎన్నో సభల్లో చెప్పుకున్నాం. ఆనాడు ముప్పై ఏళ్ళున్న స్త్రీకి ఇప్పుడు అరవై దాటాయి. ఆమె మన సభలకి ఎందుకు రావడం లేదు? ఓపిక లేక, అని మనమే జవాబు చెప్పేసుకుంటాం. నాకా జవాబు మీద నమ్మకం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో చురుకైన వార్ధక్యం గురించి చెబుతూ ఆరోగ్యం, భాగస్వామ్యం, భద్రత మూడూ కావాలంది. మన దగ్గరికొచ్చేసరికి అది పొద్దుటి నడక, యోగాసనాలుగా కుదించుకుపోయింది. చురుగ్గా లేకపోతే తప్పు ముసలామెదే అన్నట్టు! నిజానికి ఆమె తెల్లవారకముందే లేచి అంట్లు తోముతుంది, మనవల్ని చూస్తుంది, గేదెకు గడ్డి వేస్తుంది. ఈ చాకిరీ ఎవరి లెక్కలోకీ రాదు. ఆమెకి లేనిది కదలిక కాదు, తన ఇష్టప్రకారం కదిలే వీలు.

బస్సు సంగతే చూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. దీన్ని వెక్కిరించేవాళ్ళతో నేను ఏకీభవించను. కానీ మోకాళ్ళ నొప్పులున్నామె ఆ మొదటి మెట్టు ఎలా ఎక్కుతుంది? బస్టాపులో కూచోడానికి బల్ల ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. ప్రయాణం ఉన్న రోజు పొద్దుట్నుంచీ మంచినీళ్ళు మానేసేవాళ్ళని చాలామందిని చూశాను. ఇంటిముందు అరుగుంటే గడప దాటగానే నలుగురు కనిపించేవారు. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది ఆ అరుగే. (అన్ని కులాలవాళ్ళకీ ఆ అరుగు మీద చోటుండేది కాదు, అది వేరే బాధ.)

వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 79 ఏళ్ళ వరకూ నెలకి 200 రూపాయలే, 80 నిండితే 500. రాష్ట్రాలు కలిపి ఇస్తున్నాయి గనక కొంత నయం. 2007 చట్టం ప్రకారం చూడని పిల్లల మీద ట్రిబ్యునల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. కొడుకింట్లో అన్నం తింటూ, కొడుకు మీద కాగితం పట్టుకుని ఆర్డీవో ఆఫీసుకి ఒంటరిగా ఏ తల్లి వెళ్తుంది? పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషి మనం కావలసింది. మనమేమో అప్పు తీర్చలేదన్న భయంతో పొదుపు సంఘంలోంచి కూడా ఆమెని మెల్లగా తప్పిస్తున్నాం.

ఇవాళ ఈ సమావేశం రెండో అంతస్తులో పెట్టుకున్నాం. లిఫ్టు లేదు. హాలు ఖాయం చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.