హన్‌జరా: కంఠంలో దాగిన అమానతు





కొద్దిసేపటి క్రితం మీరు విన్న అజాన్ ఒక మనిషి మెడలో, రెండు సన్నని మడతల మధ్య పుట్టింది. ఈ వారం మేము ఆ మడతల గురించి, వాటిని నిలిపి ఉంచే పేటిక గురించి మాట్లాడదలచాము. ఇది అరబీ ఖుత్బాకు ముందు చేసే బయాన్ గనుక చేయి కదపడంలో అభ్యంతరం లేదు. మీ రెండు వేళ్లను మెడ ముందు భాగాన మెల్లగా ఆనించి ఒక్కసారి గుటక వేయండి. గట్టిగా ఉన్నదొకటి పైకి లేచి మళ్లీ కిందికి దిగుతుంది. అదే స్వరపేటిక. అరబీలో దానిని హన్‌జరా అంటారు.

ఈ మాట మనకు వైద్య గ్రంథాల కన్నా ముందే తెలుసు. దాని బహువచనమైన హనాజిర్ అనే పదం దివ్య ఖుర్ఆన్‌లో రెండు చోట్ల వచ్చింది. ఒకటి సూరా అహ్‌జాబ్‌లో: మదీనాను శత్రు సైన్యాలు చుట్టుముట్టిన కందక యుద్ధ దినాలలో విశ్వాసుల గుండెలు గొంతుల దాకా వచ్చాయని చెప్పిన సందర్భం. రెండవది సూరా గాఫిర్‌లో: ప్రళయ దినాన గుండెలు గొంతుల వద్ద చిక్కుకుని ఉండే స్థితి. భయం ముంచుకొచ్చినప్పుడు గొంతు చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోతాయి, ఉండ అడ్డుపడినట్టు అవుతుంది, మాట పెగలదు. పరీక్ష హాలులో కూర్చున్న పిల్లవాడికీ, ఆసుపత్రి వరండాలో ఎదురుచూసే తండ్రికీ ఈ అనుభవం కొత్త కాదు.

మన పూర్వికులు ఈ అవయవాన్ని శ్రద్ధగా పరిశీలించారు. ఇబ్నె సీనా (980–1037) అక్షరాలు ఏ కారణాల వల్ల పుడతాయో వివరిస్తూ ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రచించాడు. దాని పేరు అస్బాబు హుదూసిల్ హురూఫ్. అక్షరాల జోలికి పోయే ముందు ఆయన స్వరపేటిక, నాలుకల నిర్మాణాన్ని వర్ణించాడు. పేటికలోని మృదులాస్థులు మూడని చెప్పి, మొదటిది డాలు వంటిది అన్నాడు. మూడవది బోర్లించిన పాత్ర వంటిది అన్నాడు. మధ్య దానికి మాత్రం, పాత గ్రీకు వైద్యుల ఒరవడిలోనే, పేరు లేదని రాసి ఊరుకున్నాడు. శతాబ్దాల పాటు అది "పేరు లేనిది"గానే గ్రంథాలలో నిలిచింది. పేరు లేకపోయినా పని చేస్తూ పోవడం దాని పద్ధతి.

ఆ పేరు లేనిదానికి ఇప్పుడు క్రైకాయిడ్ అని పేరు. ఉంగరం ఆకారం గలది అని దాని అర్థం. నిజంగానే అది ముద్ర గల ఉంగరం వలె ముందు సన్నగా, వెనుక వెడల్పుగా ఉంటుంది. శ్వాసమార్గం పొడవునా చుట్టూ పూర్తిగా మూసుకుని ఉన్న మృదులాస్థి వలయం ఇదొక్కటే. దాని పైన థైరాయిడ్ మృదులాస్థి, అంటే ఇబ్నె సీనా చెప్పిన డాలు, రెండు పలకలుగా తెరచిన పుస్తకం వీపులా ముందుకు పొడుచుకుని వస్తుంది. పురుషులలో ఆ పలకల మధ్య కోణం సుమారు 90 డిగ్రీలు, స్త్రీలలో సుమారు 120. అందుకే పురుషుల మెడలో ఆ ముడి స్పష్టంగా కనబడుతుంది. వెనుక ఉంగరపు వెడల్పు భాగంపై అరిటినాయిడ్ అనే రెండు చిన్న మృదులాస్థులు కూర్చుని ఉంటాయి. ఇబ్నె సీనా ఒకటిగా లెక్కించినది వీటినే. ఇతర చిన్నవాటినీ కలుపుకుంటే ఈనాటి వైద్యుల లెక్క ప్రకారం మొత్తం 9.

జిబహ్ మస్అలాలు చదివిన వారికి ఈ ముడి కొత్త కాదు. ఫిఖ్‌హ్ గ్రంథాలలో దీనిని ఉఖ్దా అంటారు. కత్తి ఆ ముడికి పైన పడితే జంతువు హలాల్ అవుతుందా లేదా అని హనఫీ ఫుకహా సుదీర్ఘంగా చర్చించారు. ఆ చర్చ వేరే రోజుకు.

మేము మీ దృష్టిని మరలించదలచినది ఈ మృదులాస్థుల మధ్య ఉన్నదాని వైపు. వాటిని ఒకదానికొకటి కట్టి ఉంచే సంయోజక కణజాలం మన మాటల్లో ఎన్నడూ రాదు. స్వరపేటిక పైనున్న హైయాయిడ్ ఎముకకు ఒక పొరతో వేలాడుతూ ఉంటుంది. ఆ ఎముకేమో శరీరంలోని మరే ఎముకతోనూ కీలు కలపదు. కండరాలు, సంధిబంధనాలే దానిని పట్టి ఉంచుతాయి. అంటే మన గొంతు మొత్తం కట్లపై నిలిచిన కట్టడం. డాలుకూ ఉంగరానికీ మధ్య మరొక పొర ఉంది. పై దారి మూసుకుపోయి ఊపిరాడని రోగికి, వేరే మార్గం లేనప్పుడు, వైద్యులు ఆ పొరనే చీల్చి గాలికి దారి ఇస్తారు.

ఆ ఉంగరం లోపలి నుండి సాగే గుణం గల ఒక పలుచని పొర పైకి లేస్తుంది. నేసిన వస్త్రానికి అంచు దట్టంగా ఉన్నట్టు, ఆ పొర పై అంచు దట్టమై రెండు పక్కలా ఒక్కొక్క పోగుగా మారుతుంది. ఆ పోగే స్వరబంధనం. దానిపై కప్పు వేసుకుని ఉన్న మడతే స్వరతంత్రి. తంత్రి అనగానే వీణ తీగ మనసులో మెదులుతుంది గాని అది అలాంటిది కాదు. పైన సున్నితమైన పలుచని చర్మం, దాని కింద జెల్లీ వంటి మెత్తని పొర, ఆ కింద సాగే ఎలాస్టిన్ పోగులు, వాటి కింద గట్టి కొల్లాజెన్ పోగులు, అన్నిటికన్నా లోపల కండరం. ఊపిరితిత్తుల నుండి వచ్చే గాలి దగ్గరగా చేరిన ఈ మడతలను విడదీస్తుంది, అవి మళ్లీ కలుస్తాయి. పైనున్న మెత్తని పొర అలవలె కదలగలిగితేనే స్వరం స్వచ్ఛంగా పలుకుతుంది. అది వాచినా, గట్టిపడినా గొంతు బొంగురుపోతుంది.

పురుషుల మాటలో ఈ మడతలు సెకనుకు సుమారు 120 సార్లు, స్త్రీల మాటలో సుమారు 200 సార్లు కలిసి విడిపోతాయి. ఒక హాఫిజ్ స్వరం ఒక గంటసేపు ఆగకుండా మోగితే 4,32,000 సార్లు! తరావీహ్‌లో ఖుర్ఆన్ ఖత్మ్ చేసే యువకుని వెనుక నిలబడినప్పుడు ఆయన ఎక్కడైనా ఆగితే గుసగుసలాడే సోదరులు ఈ లెక్క గుర్తుంచుకోవాలని మా మనవి.

తజ్వీద్ నేర్చుకున్న వారికి ఈ విషయమంతా మరో పేరుతో పరిచయమే. కంఠం నుండి పలికే అక్షరాలు ఆరు. వాటికి కంఠంలో మూడు స్థానాలు. ఈ విభజనను బస్రా విద్వాంసుడు సీబవైహ్ హిజ్రీ 2వ శతాబ్దిలోనే తన వ్యాకరణ గ్రంథంలో పొందుపరచాడు. అన్నిటికన్నా లోతైన స్థానం హమ్జాకు, హాకు ఇచ్చారు. హమ్జా పలికేటప్పుడు స్వరతంత్రులు రెండూ గట్టిగా మూసుకుని తటాలున తెరుచుకుంటాయి. ఈనాడు సన్నని కెమెరాను గొంతులోకి దింపి చూసేదానిని వారు చెవితో, వేలితో పట్టుకున్నారు. మరొక పరీక్ష చేయండి. మెడపై వేళ్లు ఆనించి సీన్ శబ్దాన్ని సాగదీయండి. ఏ కదలికా తెలియదు. జా శబ్దాన్ని సాగదీయండి. వేళ్ల కింద తుమ్మెద రొద చేసినట్టు ఉంటుంది. కంఠం మోగేదీ మోగనిదీ అనే ఈ భేదం హమ్స్, జహ్ర్ అని మద్రసాలో వల్లె వేసిన పాఠానికి చాలా దగ్గరిది.

ఇక్కడే ఒక భయంకరమైన హదీసు జ్ఞప్తికి వస్తుంది. ఖుర్ఆన్ పఠిస్తూ ఉన్నా ఆ పఠనం తమ హనాజిర్‌ను దాటి లోనికి పోని మనుషులు వస్తారని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. వారి నమాజుల ముందు మీ నమాజులు మీకే అల్పంగా తోస్తాయని కూడా సహాబాలతో అన్నారు. ఖారిజీల గురించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. గొంతు ఎంత చక్కగా పనిచేసినా మనిషి హృదయం దానికి చెవి ఒగ్గకపోవచ్చు. వేదికలపై ఖిరాత్ విని మైమరచి, ఇంటికి వెళ్లి భార్యపై అదే కంఠంతో అరిచే వారిని మేము ఎరుగుదుము.

స్వరపేటిక మొదటి బాధ్యత మాట కాదన్న సంగతి చాలామందికి తెలియదు. అది ఊపిరికి కాపలాదారు. అన్నమూ గాలీ ఒకే కూడలి గుండా వెళతాయి. గుటక వేసిన ప్రతిసారీ పేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక దానిపై మూతలా వాలుతుంది, స్వరతంత్రులు మూసుకుంటాయి, ఆ క్షణం శ్వాస ఆగుతుంది. నోట్లో ముద్ద పెట్టుకుని నవ్వుతూ మాట్లాడేవారికి పొలమారేది ఈ క్రమం తప్పినప్పుడే. దస్తర్‌ఖాన్ వద్ద పిల్లలను తొందరపెట్టకండి.

పిల్లల మాట వచ్చింది గనుక మక్తబ్ గురించి చెప్పాలి. పుట్టిన శిశువు స్వరతంత్రిలో మేము పైన వర్ణించిన పోగుల వరుసలు ఇంకా ఏర్పడి ఉండవు. ఆ కణజాలం అంతటా ఒకే తీరుగా ఉంటుంది. పొరలు విడివడి, స్వరబంధనం బలపడి, పెద్దల గొంతులా రూపొందడం యుక్తవయసు ముగిసే దాకా సాగే పని. అలాంటి లేత గొంతులను ఒకే గదిలో ముప్పై మందిని కూర్చోబెట్టి, ఎవరి సబఖ్ వారు మిగతావారిని మించి అరవాలన్నట్టు చదివించడం చాలా చోట్ల ఆనవాయితీ. పలుగు పట్టిన అరచేతిలో కాయలు కాసినట్టే, అరిచే పిల్లల స్వరతంత్రులపై చిన్న కాయలు కాస్తాయి. ఆ పిల్లవాడి గొంతు రోజుల తరబడి బొంగురుగా ఉంటే కష్టపడి చదువుతున్నాడని మనం మెచ్చుకుంటాము. మెచ్చుకోవలసిన విషయం కాదది. ఖైబర్ ప్రయాణంలో సహాబాలు బిగ్గరగా తక్బీర్ పలుకుతూ ఉంటే దైవప్రవక్త (సఅసం) వారిని వారించి, మీ ప్రాణాలను కష్టపెట్టుకోవద్దని, మీరు పిలిచేవాడు చెవిటివాడూ కాదు, ఇక్కడ లేనివాడూ కాదని బోధించారు. దీనిని ఉల్లేఖించిన హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) స్వయంగా అపూర్వ స్వరం గలవారు. ఆయన పఠనాన్ని దావూద్ (అలై) వంశపు మధుర నాదంతో పోల్చి ప్రవక్త (సఅసం) మెచ్చుకున్నారు.

అజాన్ వేళ స్వరం పెంచడం సున్నతే. అయితే మైకు ఉన్నప్పుడు ఆ పని మైకుకు వదిలేయవచ్చు. గొంతు పట్టేసిన రోజున గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అని కొందరు భావిస్తారు. గుసగుసలోనూ గొంతు బిగుసుకుంటుంది, మౌనమే విశ్రాంతి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం (మా వంటి ప్రసంగకర్తల పాత అలవాటు ఇది) మడతలను ఒకదానికొకటి మోదడమే. బదులుగా ఒక గుక్క నీళ్లు తాగండి. రంజాన్‌లో సహరీ కడుపునిండా తిని ఫజ్ర్ కాగానే పడుకుంటే కడుపులోని ఆమ్లం పైకి తన్ని స్వరతంత్రులను కాల్చవచ్చు. ఉదయం పూట గొంతు గరగరకు ఇదీ ఒక కారణం.

మిగిలినది పొగ. బీడీ, సిగరెట్, హుక్కా ఏదైనా ఆ పొగ ఊపిరితిత్తులకు చేరేది ఈ రెండు మడతల మధ్య నుండే. హుక్కాలో నీళ్లు పొగను కడిగేస్తాయన్నది భ్రమ. స్వరపేటిక క్యాన్సర్‌కు పొగాకే ప్రధాన కారణం. స్వరతంత్రిపై పుట్టిన క్యాన్సర్‌లో ఒక కారుణ్యం ఉంది: అది తొలిదశలోనే గొంతును బొంగురు చేసి తన ఉనికిని చాటుతుంది. అప్పుడే చికిత్స జరిగితే చాలామంది స్వరంతో సహా బయటపడతారు. కనుక మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుని తప్పక కలవండి. పొగ తాగనివారికి కూడా ఇదే మాట. స్వరపేటికను కదిలించే ఎడమ నరం ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద మలుపు తిరిగి మళ్లీ గొంతుకు చేరుతుంది గనుక ఛాతీలోని జబ్బు కూడా మొదట గొంతులో బయటపడవచ్చు.

ఆలస్యమైతే పేటిక మొత్తాన్ని తీసివేయవలసి వస్తుంది. ఆ తరువాత మనిషి మెడలో చేసిన రంధ్రం ద్వారా ఊపిరి పీలుస్తాడు. అలాంటి సోదరులలో కొందరు సిగ్గుపడి మస్జిద్‌కు రావడం మానేస్తున్నారు. వారి కోసం రెండు మాటలు. గుసుల్ వేళ ఆ రంధ్రంలోకి నీరు పోతే నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. దానిని కప్పుకుని స్నానం చేయడం వారి బాధ్యత, అందులో సంకోచం వద్దు. ఇక ఖిరాత్: అసలు పలకలేని వ్యక్తిపై పఠన బాధ్యత లేదు. నాలుక కదపడం కూడా అతనిపై తప్పనిసరి కాదన్నదే సరైన అభిప్రాయంగా హనఫీ గ్రంథాలు పేర్కొన్నాయి. అన్నవాహిక ద్వారానో, పరికరం సాయంతోనో మాట్లాడటం నేర్చుకున్నవారు తమకు సాధ్యమైనంత పలకాలి. ఆ స్వరం మనకు వింతగా వినిపించినా సఫ్‌లో పక్కన నిలబడినవారు తల తిప్పి చూడరాదు.

వచ్చే సోమవారం నుండి మన మక్తబ్‌లో పిల్లలు ఐదుగురేసి బృందాలుగా, మామూలు స్వరంతో చదువుతారు. ఉస్తాద్ గారు ఇందుకు సమ్మతించారు. బయటికి చప్పుడు వినబడటం లేదని తల్లిదండ్రులు ఫిర్యాదు చేయవద్దు. నెల రోజులకు పైగా గొంతు సరిగా లేని మన ముఅజ్జిన్ సాహెబ్ ఈ వారం వైద్యునికి చూపించుకుంటారు. ఆయన స్వరం కుదుటపడే వరకు అజాన్ ఇచ్చేందుకు ముందుకు వచ్చే యువకులు నమాజు తరువాత మమ్మల్ని కలవండి. ఆయన జీతంలో కోత ఉండదని కమిటీ పెద్దలు మాట ఇచ్చారు.

అల్లాహ్ ఆయనకూ, ఈ ఊరిలో కంఠ వ్యాధితో బాధపడుతున్న వారందరికీ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్. ఇప్పుడు సున్నతులు చదువుకోండి. ఖుత్బా అజాన్‌కు వేళయింది.