లెక్కకెక్కని అక్కలు



2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూశాం. దేశంలో పెళ్లయిన 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 37.9 మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. భర్త చేయించుకున్నవాళ్లు 0.3. కోత ఎవరి కడుపుకో చూడండి!

మరి 2005లో మొదలైన సల్వాజుడుం దాడులకు బస్తర్ ఊళ్లొదిలి మన గోదావరి అడవులకొచ్చిన గుత్తికోయల సంగతి? ఆ సర్వే ఊళ్లను ఎంచుకున్నది 2011 జనాభా లెక్కల జాబితాలోంచి. జాబితాలో లేని గుంపుకు ఎవరూ పోరు. జిల్లా సగటులో ఆ అక్క లేదు.

అందుకే గుంపు గుంపుకీ పోయి మనమే రాద్దాం. పేర్లు మాత్రం రాయొద్దు. కాగితం అటవీశాఖకు చిక్కితే గుడిసెలకే ముప్పు. నర్సమ్మ చివరిగా ఎప్పుడొచ్చింది? కాపర్-టి, మాత్రల గురించి ఎవరైనా చెప్పారా? ఆపరేషన్ ఎవరి ఇష్టం? ఏదీ వాడటంలేదంటే, దొరక్కనా, వద్దనుకునా? ఈ రెండూ ఒకే గడిలో వెయ్యొద్దు. అడిగేది కోయ మాట వచ్చిన ఆడవాళ్లే కావాలి.