హవల్దారు గారి బుల్లెట్

పెద్ద మాటలు పెద్దలు చెప్పారు, నేనొక బండి సంగతి చెబుతాను.

జగదల్‌పూర్‌లో మా యూనిట్ హవల్దారు పోయి నాలుగేళ్లు. ఆయన పాత బుల్లెట్ వసారాలో గోనెపట్టా కిందే ఉంది. బస్తర్ వానలు తెలిసినవే కదా! "తుక్కుకిచ్చేద్దాం బాబాయ్" అన్నాడు కొడుకు. వాళ్లమ్మ ఏమీ అనలేదు. నేను రెండు రోజులు గడువడిగాను.

కుర్రాడు వెంటనే కిక్ కొట్టబోతే ఆపాను. సిలిండరులో తుప్పుంటే రింగులు గోడల్ని గీకేస్తాయి. ప్లగ్గు విప్పి, కాస్త ఇంజనాయిలు పోసి రాత్రంతా వదిలేశాం. పాత పెట్రోలు డబ్బాలోకి దించేశాం. అందులో కలిపే ఇథనాల్ తేమను లాగుతుంది. కార్బురేటరు జెట్లు జిగురుతో మూసుకుపోయాయి, అక్కడే మూడు గంటలు పట్టింది. పాయింట్లు రుద్ది, ఇంజనాయిలు మార్చాం. బ్రేకులు సరేసరి.

మర్నాడు డీకంప్రెసర్ నొక్కి మెల్లగా తొక్కితే పిస్టన్ కదిలింది. పదకొండో కిక్కుకి అందుకుంది. ఆ డగడగకి వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

తాళం చేతికివ్వబోతే కుర్రాడు, "అమ్మకివ్వండి బాబాయ్" అన్నాడు.