మిగిలినవారి లెక్క
(పలాసలో చేసిన స్మారకోపన్యాసం)



సేవాసంస్థల వ్యూహం, మూల్యాంకనం, నాయకత్వం గురించి మాట్లాడమని నిర్వాహకులు ఉత్తరం రాశారు. మూడూ పెద్ద మాటలే. నాకు మాత్రం మూడింటి వెనకా ఒకటే ప్రశ్న కనిపిస్తుంది. ఏడాది చివర సంస్థ దేన్ని లెక్కపెడుతుంది? చేసిన పనినా, మిగిలిపోయిన మనుషులనా?

దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో బెన్ గల్లిసన్ అనే కెనడా మిషనరీ డాక్టరు ఏళ్ల తరబడి కంటి ఆపరేషన్లు చేశారు. ఆయన మాట విని 1963లో కాల్గరీ నగర వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ విరాళాలు పోగుచెయ్యడం మొదలుపెట్టారు. 25 డాలర్లిస్తే ఒకరికి చూపు వస్తుందన్నది పిలుపు. అలా పుట్టింది ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్. ఖండాలు దాటి పనిచేస్తున్న ఆ సంస్థకు మూలం మన సోంపేట అని మన పిల్లల్లో ఎందరికి తెలుసో!

25 డాలర్లు, ఒక మనిషి, చూపు. దాతకు ఇంతకంటే సూటిగా చెప్పలేం. చిక్కూ అక్కడే ఉంది. ఆ రోజుల్లో శుక్లం తీశాక కంట్లో కటకం పెట్టేవారు కాదు, సోడాబుడ్డి కళ్లద్దాలే గతి. ఆ అద్దాలు పగిలాయా, ఆపరేషనైన మనిషి మళ్లీ గోడ తడుముకోవలసిందే. రిజిస్టర్లో మాత్రం అది నయమైన కన్ను.

1996 నుంచి 2000 దాకా హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద సర్వే చేసింది. 10,293 మందిని పరీక్షించారు. వీళ్లు ఆసుపత్రికి నడిచొచ్చిన రోగులు కారు, జనంలోంచి ఎంపికచేసినవాళ్లు. తేడా అంతా అందులోనే వచ్చింది. ఆపరేషనయ్యాక కూడా చూపు సరిగా లేని కళ్లు బయటపడ్డాయి. సరైన కళ్లజోడు లేకనే గుడ్డితనంలో ఉన్నవాళ్లూ బయటపడ్డారు. ఎల్.వి.ప్రసాద్ సంస్థతో కలిసి పనిచేసిన ఆపరేషన్ ఐసైట్ కూడా 1990ల చివర్లో దారి మార్చుకుంది. నాణ్యత మీద, ఆసుపత్రులు తమ కాళ్ల మీద తాము నిలబడడం మీద దృష్టి పెట్టింది. తర్వాత ఇంటింటి సర్వేలు చేసి, నివారించదగ్గ అంధత్వం లేదని ఊరు ఊరునే ప్రకటించే పద్ధతికి వచ్చింది. 25 డాలర్ల కథతో పెరిగిన సంస్థ ఆ కథను పక్కనపెట్టింది. నాయకత్వమంటే నా దృష్టిలో అదీ.

ఇక మన ఉద్దానం కిడ్నీ జబ్బుకు వద్దాం. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో చెమటోడ్చే పనన్నారు. కారణం తేలకపోయినా పరీక్షా శిబిరాలు ఆగలేదు, ఆగకూడదు కూడా. బడి వరండాలో బల్ల వేస్తారు, వెనక బ్యానర్ కడతారు, జీడి ఫ్యాక్టరీకి వెళ్లాల్సిన ఆడవాళ్లు పని మానుకుని వరసలో నిలబడతారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షకు రక్తం తీస్తారు. సాయంత్రానికో మర్నాటికో చీటీ చేతికొస్తుంది. ‘క్రియాటిన్ ఎంతొచ్చింది?’ అని ఒకరినొకరు అడుగుతారు. నివేదికలో ‘500 మందికి పరీక్షలు’ అని పడుతుంది.

ఒక్క పరీక్షతో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని తేల్చడానికి వీల్లేదు. లోపం కనీసం మూడు నెలలు కొనసాగితేనే వైద్యశాస్త్రం దాన్ని దీర్ఘకాలికం అంటుంది. అంటే రెండోసారి వెళ్లని శిబిరం సగం పనే చేసింది. ఆ 500 మందిలో ఎవరికి ఎక్కువొచ్చింది, మూడు నెలలకు వాళ్లలో ఎందరు మళ్లీ కనిపించారు, కూతురి సంబంధం చెడుతుందని అసలు గడప దాటనివాళ్లు ఎందరు? బ్యానర్‌కి డబ్బు దొరుకుతుంది గాని, రెండోసారి ఇంటింటికీ తిరిగే కార్యకర్త జీతానికి దొరకదు. ఫోటో రాదు కదా!

ఒక్కరినీ వదలకుండా పనిచెయ్యడానికి ఉదాహరణ పొరుగునే ఉంది, ఒడిశాలో బరంపురం దగ్గర మొహుదాలోని గ్రామ్ వికాస్. 1979లో మొదలైన సంస్థ. మంచినీళ్లు, మరుగుదొడ్ల పనికి వాళ్లదొక మొండి షరతు: ఊళ్లో ప్రతి కుటుంబమూ చేరాలి, తన వంతు జమకట్టాలి. ఒక్క ఇల్లు కాదన్నా పని మొదలవదు. ఒక ఇంటి మలినం ఊరందరి నీళ్లనూ చెరుపుతుంది కాబట్టి ఆ షరతు. దీనివల్ల ఆలస్యమవుతుంది, దాతలు విసుక్కుంటారు. అయినా వ్యూహమంటే అలా ఉండాలని నా అభిప్రాయం. షరతు సమస్య స్వభావంలోంచి పుట్టింది, గ్రాంటు గడువులోంచి కాదు.

గడువులకు తలవంచితే ఏమవుతుందో తిత్లీ తుపాను చూపించింది. 2018 అక్టోబర్ 11న అది ఈ తీరాన్ని, కొబ్బరి తోటలతో సహా ఊడ్చేసింది. సహాయ పథకాలు నెలల్లో ముగుస్తాయి, కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

చిన్న సంస్థల కష్టం నాకు తెలియనిది కాదు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక, పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును చిన్న సంస్థకు పంచే దారి మూసుకుపోయింది. ఆ డబ్బులో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. ఇటు 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకం వచ్చింది. అయితే ఇక మన పనేమిటని కొందరు కార్యకర్తలు నన్ను అడుగుతున్నారు. చివరి వీధి కొళాయికి నీళ్లొస్తున్నాయా, డయాలసిస్ మధ్యలో మానేసిన మనిషి ఏమయ్యాడు అన్నవి రాసిపెట్టేవాళ్లు కావాలి. దానికి భవనం అక్కర్లేదు.

నా విన్నపం ఒకటే. వచ్చే ఏడాది మీ వార్షిక నివేదికలో ‘పరీక్ష చేసినవారు’ అన్న అంకె పక్కనే ‘మూడు నెలల తర్వాత మళ్లీ చూసినవారు’ అన్న అంకె కూడా వెయ్యండి. అది చిన్నదైనా సరే, వెయ్యండి. దాతలుగా ఈ సభలో ఉన్నవారు కొత్త శిబిరానికి చెక్కు రాసే ముందు ఆ రెండో అంకె అడగండి.