నడిసముద్రంలో అధికారం ఎవరిది?

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



పండుగపూట ఈ కోర్టు సంగతులేమిటని కొందరికి తోచవచ్చును. కాని సముద్రాన్ని నమ్ముకుని బ్రతికే కుటుంబాలు మనవారిలో తక్కువ కావు గనుక ఈ విషయం ఎత్తుకున్నాను.

భూమిమీద నేరం జరిగితే ఏ ఠాణాకు పోవలెనో తెలుస్తుంది. నడిచే రైలులో దొంగతనం జరిగినా, ఆ ప్రయాణం సాగిన దారిలోని ఏ కోర్టయినా విచారించవచ్చునని చట్టం సౌకర్యం కల్పించినది. సముద్రంమీద అట్లా కాదు. అక్కడ మైళ్లు పెరిగినకొద్దీ అధికారం తరిగిపోతుంది. సముద్రపు మైలనగా 1852 మీటర్లు. మన 1976 నాటి చట్టం ప్రకారం 12 మైళ్ల వరకు మన దేశపు నీరు. 24 మైళ్ల వరకు సుంకం, వలస, ఆరోగ్యం, భద్రతలకు సంబంధించిన అదుపు మాత్రమే. 200 మైళ్ల వరకు చేపలు, ఖనిజాలు మనవి. దారిన పోయే ఓడ మాత్రం మనది కాదు. అది ఏ దేశపు జెండా ఎగురవేసిందో ఆ దేశపు చట్టమే సాధారణంగా దానిమీద నడుస్తుంది.

2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి సుమారు 20 మైళ్ల దూరాన, ఎన్రికా లెక్సీ అనే ఇటలీ చమురు ఓడనుండి సెయింట్ ఆంటొనీ అనే చేపల పడవమీద కాల్పులు జరిగినవి. ఇద్దరు జాలర్లు చనిపోయారు. దొంగల పడవ అనుకున్నామని ఓడమీది కాపలా సైనికుల వాదన. ఓడను కొచ్చికి రప్పించి, ఇద్దరు ఇటలీ సైనికులను కేరళ పోలీసులు అరెస్టు చేశారు.

నిజంగా దొంగలే అయితే చిక్కే లేదు. నడిసముద్రంలో వారిని ఏ దేశపు నౌకాదళమైనా పట్టవచ్చును. 2024 మార్చిలో మన నౌకాదళం 35 మంది సోమాలియా దొంగలను పట్టి ముంబయి పోలీసులకు అప్పగించింది. వారు దొరికినది మన నీటిలో కాదు.

జాలర్ల విషయంలోనే చిక్కంతా వచ్చింది. విచారణ మాదని కేరళ అన్నది. జెండా మాది, సైనికులు మా ప్రభుత్వోద్యోగులు, కనుక మాదేనని ఇటలీ అన్నది. 12 మైళ్లు దాటినచోట రాష్ట్రానికి అధికారం లేదు, కేంద్రానికే ఉన్నది, ప్రత్యేక న్యాయస్థానం పెట్టి విచారించవలెనని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నా మట్టుకు అది సరైన తీర్పే. లేకుంటే ఒక్కొక్క తీరరాష్ట్రం ఒక్కొక్క తీరుగా పోతుంది. తరువాత తగవు అంతర్జాతీయ మధ్యవర్తుల వద్దకు పోయింది. సైనికులు ప్రభుత్వవిధిలో ఉన్నారు గనుక భారతదేశం వారిని విచారించరాదని, పడవ స్వేచ్ఛగా తిరిగే హక్కుకు భంగం కలిగించినందుకు ఇటలీ పరిహారం ఇవ్వవలెనని 2020లో వారు తేల్చారు. ఇటలీ 10 కోట్ల రూపాయలు ఇచ్చింది. చనిపోయినవారి కుటుంబాలకు నాలుగేసి కోట్లు, పడవ యజమానికి రెండు కోట్లు. 2021 జూన్‌లో మన సుప్రీంకోర్టు, 2022లో రోము న్యాయస్థానం కేసు మూసివేసినవి. విచారణ ఎవరిదనే వాదంలోనే పదేండ్లు గడిచినవి గాని, ఏ దేశపు కోర్టులోనూ ఆ కాల్పులమీద నేరవిచారణ సాగనే లేదు.

ఇక మనవారి సంగతి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు గుజరాతులోని వేరావలు పోయి మరపడవలమీద కూలికి పనిచేస్తారు. 2018 నవంబరులో అట్లా పోయినవారిని పాకిస్తానువారు పట్టుకున్నారు. 20 మంది 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇల్లు చేరలేదు. తీరదేశపు 200 మైళ్ల మేరలో చేపల నేరానికి, దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలుశిక్ష కూడదని 1982 నాటి సముద్రచట్ట ఒడంబడికలో ఉన్నది. ఇరుదేశాలూ దానికి కట్టుబడినవే. 12 మైళ్ల లోపల దొరికితే మాత్రం ఆ రక్షణ వర్తించదు. కనుక పడవ ఎక్కడ పట్టుబడిందన్నదే ముఖ్యం. ఆ లెక్క చూపే యంత్రం పడవలో ఉంటుంది. పడవేమో పట్టుకున్నవారి చేతిలో ఉంటుంది.