క్లోమ క్యాన్సర్ ఉన్నవారు వానాకాలంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు
(రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల అవగాహన కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

 

క్లోమం అంటే పాంక్రియాస్. ఇది పొట్ట వెనకాల ఉండే చిన్న గ్రంథి. మనం తిన్న తిండి అరగడానికి రసాలు, రక్తంలో షుగర్ అదుపులో ఉండటానికి ఇన్సులిన్ ఇక్కడి నుంచే వస్తాయి. కాలేయం నుంచి వచ్చే పైత్యరసం గొట్టం కూడా దీని పక్క నుంచే పోతుంది. అందుకే ఈ క్యాన్సర్ వస్తే అరుగుదల, షుగర్, కామెర్లు మూడూ ఇబ్బంది పెడతాయి. వానాకాలంలో వచ్చే కలుషిత నీళ్లు, దోమలు, జ్వరాలు వీటికి తోడవుతాయి. ఈరోజు నేను చెప్పే మాటల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఒక్కటే: జ్వరమొస్తే ఆగొద్దు.

సీజన్ జ్వరమే కదా అనుకోవద్దు

వానలు పడ్డాయంటే ఊళ్లో ఇంటికొకరికి జ్వరం వస్తుంది. రెండు రోజులు గోళీ వేసుకుంటే తగ్గిపోతుంది. మిగతావాళ్లకు అది సరిపోవచ్చు, కీమో తీసుకుంటున్నవాళ్లకు సరిపోదు. కీమో తర్వాత రోగంతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోతాయి. చాలామందిలో 7 నుంచి 14 రోజుల మధ్య బాగా తక్కువగా ఉంటాయి. ఆ సమయంలో ఇన్ఫెక్షన్ వస్తే కొన్ని గంటల్లోనే ఒళ్లంతా పాకొచ్చు.

ఇంట్లో ఒక థర్మామీటర్ తప్పకుండా ఉంచుకోండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్ చూపించిందంటే అర్ధరాత్రి అయినా సరే ఆస్పత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. జ్వరం లేకపోయినా చలితో వణుకు, తల తిరగడం, మనిషి మత్తుగా ఉండటం కనిపిస్తే కూడా అంతే. ఆస్పత్రి వాళ్లతో మాట్లాడకముందే పారాసెటమాల్ వేసుకోకండి. అది వేడిని తగ్గిస్తుంది గానీ లోపలి ఇన్ఫెక్షన్‌ను తగ్గించదు. జ్వరం తగ్గిందని మనం ఊరుకుంటే విలువైన సమయం పోతుంది.

ఊళ్లో ఎవరో ఒకరు "ఒక సూది వేయించుకో, తగ్గిపోద్ది" అంటారు. దయచేసి వద్దు. కీమో వల్ల ప్లేట్‌లెట్లు తగ్గి ఉండొచ్చు. డెంగీ అయితే ఇంకా తగ్గుతాయి. అలాంటప్పుడు కండకు సూది వేసినా, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి గోళీలు వేసుకున్నా రక్తం కారే ప్రమాదం ఉంది. డెంగీ, మలేరియా, రక్తకణాల పరీక్షలన్నీ ఆస్పత్రిలోనే చేస్తారు.

స్టెంట్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త

మీలో కొందరికి కామెర్లు తగ్గడానికి పైత్యరసం గొట్టంలో స్టెంట్ వేసి ఉంటారు. అది కొన్నాళ్లకు మూసుకుపోవచ్చు. కళ్లు మళ్లీ పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, మలం తెల్లగా పోవడం, ఒళ్లంతా దురద, చలిజ్వరం దీని గుర్తులు. వానాకాలంలో నీళ్ల వల్ల వచ్చే కామెర్లు కూడా ఉంటాయి కాబట్టి ఇవీ అవేనని పొరబడతాం. పసరు మందు తాగించడానికో, చేతి మీద వాత పెట్టించడానికో తీసుకుపోతాం. మూసుకుపోయిన స్టెంట్ పసరుతో తెరుచుకోదు. డాక్టర్లు దాన్ని శుభ్రం చేయాలి, లేదంటే మార్చాలి. ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్తుంది. స్టెంట్ ఏ తేదీన వేశారో, ప్లాస్టిక్‌దో, లోహంతో చేసిందో డాక్టర్‌ను అడిగి మీ ఫైలు మీద రాయించుకోండి. రాత్రిపూట వేరే ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చినా అది చూసి వాళ్లకు అర్థమవుతుంది.

నీళ్లు, తిండి

నీళ్లు బుడగలు వచ్చేలా బాగా మరిగించి, చల్లార్చి, మూతపెట్టి అదే రోజు తాగండి. మిషన్ భగీరథ నీళ్లయినా, బోరు నీళ్లయినా ఈ సీజన్‌లో మరిగించడమే మంచిది. ప్రయాణంలో ఇంటి నుంచే సీసా తీసుకెళ్లండి.

అన్నం, కూర వేడిగా ఉన్నప్పుడే తినండి. చద్దన్నం, రాత్రి మిగిలిన పప్పు, పానీపూరి, బండి మీద కోసిపెట్టిన పండ్లు, సగం ఉడికిన గుడ్డు ఈ కాలంలో వద్దు. ఆకుకూరలు రెండు మూడు నీళ్లలో కడిగి బాగా ఉడికించండి. వాన పడుతుంటే మిరపకాయ బజ్జీ మీదికి మనసు పోతుంది, నిజమే. కానీ నూనె అరగక మళ్లీ మీరే ఇబ్బంది పడతారు. మక్క కంకి తినాలనిపిస్తే మెత్తగా ఉడకబెట్టుకుని కొంచెం తినండి. ఒకేసారి కడుపు నిండా కాకుండా రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెం తినండి.

డాక్టర్ ఎంజైమ్ క్యాప్సూల్స్ రాసి ఉంటే తిండి మొదలుపెట్టేటప్పుడే మింగాలి. పరగడుపున వేసుకుంటే ఉపయోగం లేదు. నమలకూడదు. తేమ తగిలితే పాడవుతాయి, కాబట్టి డబ్బా మూత గట్టిగా పెట్టి, పొయ్యికి దూరంగా ఆరిన చోట ఉంచండి.

మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ పోతోందంటే కొవ్వు అరగడం లేదని అర్థం. ఎంజైమ్ మోతాదు గురించి డాక్టర్‌ను అడగండి. నీళ్ల విరేచనాలు అయితే అది వేరే. ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగుతూ ఆస్పత్రికి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లు కూడా తాగొచ్చు.

షుగర్, కాళ్లు, దోమలు

ఈ జబ్బులో చాలామందికి షుగర్ ఉంటుంది. జ్వరం, విరేచనాలు వచ్చిన రోజు అది పెరగొచ్చు, ఒక్కసారిగా పడిపోవచ్చు కూడా. ఆ రోజు ఎక్కువసార్లు పరీక్ష చేసుకుని, మోతాదు డాక్టర్‌ను అడిగే మార్చండి. శ్రావణమాసం ఉపవాసాలు ఈ ఏడాదికి మానుకోండి. ఇన్సులిన్ వాడుతూ ఉపవాసం ఉండటం ప్రమాదం. కరెంటు ఎక్కువసేపు పోతే ఇన్సులిన్ సీసాను తడి తగలని డబ్బాలో పెట్టి, చల్లని మట్టి కుండలో ఉంచండి.

బురదలో చెప్పులు లేకుండా నడవద్దు. ఇంటికి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల మధ్య పొడిగా తుడుచుకోండి. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం పడుకున్నా దోమతెర కట్టుకోండి. వారానికొకసారి కూలర్, డ్రమ్ము, పూల కుండీల్లోని నీళ్లు పారబోయించండి. ఆ పని ఇంట్లో వాళ్లు చేయాలి, జబ్బు మనిషితో చేయించొద్దు.

వాన అని రోజంతా మంచం మీదే ఉండకండి. ఈ క్యాన్సర్‌లో కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. వరండాలోనే అయినా కాసేపు నడవండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఒక్కసారిగా ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

బోనాలకు, వినాయక మండపాలకు జనం బాగా ఉంటారు. వెళ్లాలనిపిస్తే రద్దీ లేని వేళ మాస్కు పెట్టుకుని వెళ్లి దండం పెట్టుకుని రండి. ఫ్లూ టీకా ఎప్పుడు వేయించుకోవాలో డాక్టర్‌ను అడగండి. ఇంట్లో వాళ్లు కూడా వేయించుకుంటే మంచిది.

వాగు పొంగకముందే ఏర్పాటు

మీ ఊరికి, ఆస్పత్రికి మధ్య వాగు ఉంటే కీమో తేదీకి ఒకరోజు ముందే బయలుదేరండి. రాలేని పరిస్థితి ఉంటే ఫోన్ చేసి కొత్త తేదీ తీసుకోండి. చెప్పకుండా మానేయొద్దు. నొప్పి మందులతో సహా అన్ని మందులూ కనీసం వారానికి సరిపడా దగ్గర ఉంచుకోండి. ఆహార భద్రత కార్డు, ఆధార్, కేస్ షీట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వాటి ఫోటోలు ఫోన్‌లో తీసుకోండి.

చాలామంది జ్వరం వచ్చినా ఇంట్లోనే ఉండిపోవడానికి కారణం డబ్బుల భయం. అందుకే ఈ మాట గుర్తుంచుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. నెట్‌వర్క్ ఆస్పత్రికి వెళ్లగానే ఆరోగ్యమిత్రను కలవండి. మీ సమస్యకు పథకం ఎలా వర్తిస్తుందో వాళ్లు చూస్తారు. అత్యవసరమైతే ఫోన్‌లో అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే వెసులుబాటు ఉంది. కాగితాలు తర్వాత ఇవ్వొచ్చు. కాగితం దొరకలేదని రాత్రంతా ఇంట్లో ఆగిపోవద్దు. సందేహం ఉంటే 104కు, అంబులెన్సుకు 108కి ఫోన్ చేయండి.

ఈ రెండు నంబర్లు, మీ ఆస్పత్రి నంబరు, మీ ఆఖరి కీమో తేదీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఇంట్లో చదువుకునే పిల్లలకు కూడా చూపించండి. జ్వరం వచ్చిన రాత్రి ఫోన్ చేసేది వాళ్లే కావచ్చు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.